బాపు కట్టని ఇల్లు

రాజలింగం మా గుమ్మం ముందు నిలబడి "పద్మ బిడ్డా" అని పిలిచినప్పుడు నేను బొమ్మ స్టేషన్‌లో టికెట్లిచ్చే కిటికీకి ఊచలు అతికిస్తున్నాను. చీపురు పుల్లల ముక్కలవి, ఊపిరి గట్టిగా వదిలినా ఎగిరిపోతాయి. మనిషి ముఖం చూడకముందే గొంతు గుర్తుపట్టాను. చేతిలో పుల్ల పుటుక్కున విరిగింది. లేచి వెళ్లి చూస్తే తెల్ల ధోవతి, గొడుగు, కోరుట్ల బస్సు దిగి ఎండలో నడిచివచ్చిన చెమట. కాళ్లు సన్నబడి వణుకుతున్నాయి గానీ నోట్లో పళ్లు మాత్రం కొత్తగా, తెల్లగా, వరసగా మెరుస్తున్నాయి. కట్టించుకున్న పళ్లు. ఆ పళ్లు చూడగానే నా ఒళ్లంతా మండింది. కూర్చోమని అనలేదు. ఆయనే గోడ పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు.

"కోరుట్లల మా ఇల్లు పోయింది బిడ్డా" అన్నాడు. "రోడ్డు పెద్దగ జేసుడుల ముంగటి భాగం పోయింది. మిగిలింది మా పోరలు కూలగొట్టిచ్చి షాపులు కట్టిండ్రు. ఒక్క ఫోటువ లేదు. మా శీనుగాడు గోడ మీద బొగ్గుతోని రైలు గీసిండు, యాదికున్నదా? మీ బాపు మా ఇంటి బొమ్మ జేసి దానికి గూడ గా రైలు ఏసిండు. మల్ల వాడంత కట్టిండని ఇన్న, గా ఇల్లు గూడ ఉన్నదా? ఒక్కపారి సూసి పోత."

ఆ చిన్న ఇంటిని కిరసనాయిలు పోసి నడిబజారులో తగలబెట్టినవాడు ఈయనే. అదే రోజు, అదే బజారులో, ఆ ఇల్లు చేసినందుకే మా బాపు నోట్లో పళ్లన్నీ రాలగొట్టినవాడూ ఈయనే. ఇప్పుడు దాన్ని చూసిపోదామని వచ్చాడు. ఇంత కాలం ఇతను ఎదురుపడితే ఏం చేయాలో రకరకాలుగా అనుకుని పెట్టుకున్నదాన్ని, అవేవీ గుర్తుకు రాలేదు. మంచినీళ్లయితే ఇచ్చాను. ఆయన తాగుతుంటే ఆ గొంతు కదలడం చూస్తూ నిలబడ్డాను.

జగిత్యాలలో పిల్లలకు డ్రాయింగు నేర్పి రిటైరైనదాన్ని. మా ఇంట్లో వెనక గది మొత్తం ఒక ఊరు. నడుమెత్తు బల్లల మీద గది చుట్టూ రైలు పట్టాలు, వాటి పక్కన స్టేషను, సామాన్ల గోదాము, నీళ్ల ట్యాంకు, గూన పెంకుల ఇళ్ల వాడ ఒకటి. పట్టాల మీద తిరిగే కరెంటు రైలు మాత్రం నేను కొని పెట్టింది. మిగతా ఊరంతా మా బాపు కట్టింది. రంగు వెలిసిన గోడలకు రంగు వేయడం, పురుగు తిన్న దూలాలు మార్చడం నా పని. ఇప్పుడు ఇవన్నీ డబ్బాల్లో వస్తున్నాయట. మిషను కోసిన తలుపులు, అచ్చు పోసిన గోడలు, అతికించుకుంటే చాలు. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఫోన్లో చూపించింది. చాలా బాగున్నాయి, ఒక్క ఇంట్లోనూ మనుషులు ఉన్నట్టు లేదు.

బాపుది కల్లు గీసే వృత్తి. కోరుట్ల బయట తాటి వనంలో ఒకనాడు పొద్దున్నే నడుముకు కట్టుకునే మోకు తాడు జారి చెట్టు మీంచి పడ్డాడు. తుంటి విరిగింది. నిజామాబాదు దవాఖానలో కిటికీ పక్కన మంచం దొరికింది. ఆ కిటికీలోంచి చూస్తే రైలు స్టేషను. అప్పట్లో మా కోరుట్లకు రైలు లేదు, వాడలో సగం మంది రైలు చూసిన వాళ్లే కాదు. బాపు నెలల తరబడి ఆ మంచంలో పడుకుని సిగ్నలు ఎప్పుడు వాలుతుందో, నీళ్ల ట్యాంకు తొండం ఎటు తిరుగుతుందో, గోదాము తలుపు ఎట్లా జరుగుతుందో చూస్తూ పడి ఉన్నాడు. కుంటుకుంటూ ఇంటికి వచ్చాక చెట్టెక్కే బతుకు పోయింది. గీత కత్తి మాత్రం చేతిలోంచి పోలేదు. తాటి మట్టను ఆ కత్తితో కాగితమంత పలచగా చీల్చి మొదట స్టేషను కట్టాడు. మన ఊరికీ రైలు వస్తుంది, అప్పుడు ఊరు ఎట్లా కనిపిస్తుందో చూపిస్తానని స్టేషను పక్కన మా వాడ కట్టడం మొదలుపెట్టాడు.

ఆయన పని తీరు ఇప్పటికీ నా వేళ్లలో ఉంది. మా అవ్వ, అంటే అమ్మ, బీడీలు చుట్టేది. ఆమె రేకు ముక్క పెట్టి కోయగా మిగిలిన తునికాకు పేలికలను తడిపి, సైకిలు చక్రం పుల్లకు చుట్టి, నీడకు ఎండబెట్టి, నిలువునా రెండుగా కోస్తే గూన పెంకులు. జిగురు చింతగింజల పిండి ఉడికించింది. ఆ వాసన, తడి తునికాకు వాసన, బాపు బట్టల్లోంచి పోని కల్లు వాసన కలిస్తే మా ఇల్లు. జిగురు పట్టేదాకా గోడలు కదలకుండా దారంతో చుట్టి కట్టేవాడు. కొలత ఆయనదే: అసలు ఇంట్లో మూర పొడవుంటే మా బొమ్మ ఇంట్లో చిటికెన వేలి గోరంత. కుంటుకుంటూ పోయి మోకుతో ఒక్కొక్కరి ఇల్లు చుట్టూ కొలిచి వచ్చేవాడు. "నీ గోరు పెరిగితే ఊరు పెరుగుతదా?" అని అవ్వ ఎగతాళి చేసేది. ఆయన నిజంగానే కూర్చుని గోరు కోసుకునేవాడు. గోడ రంగు కోసం ఎవరింటి గోడ నుంచి వాళ్ల మట్టే చిటికెడు గీకి తెచ్చి జిగురులో కలిపేవాడు, వేరే మట్టి వేస్తే ఆ ఇల్లు కాదని. గడపలకు అగ్గిపుల్ల కొనతో పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టేది నేను. ఇంత చిన్న బొట్టు పెట్టాలంటే ఊపిరి బిగబట్టాలి.

బాపు మంచివాడని రాయను. పడ్డప్పటి నుంచి ఆయన కోపానికి అడ్డూ ఆపూ లేదు. గోడ గోరు మందం వంకరపోతే కట్టిందాన్ని కట్టినట్టే కత్తితో నరికేవాడు. ఆ క్షణంలో పక్కన ఎవరుంటే వాళ్ల చెంప పగిలేది. నా ఎడమ చెవి ఇప్పటికీ సరిగా వినపడదు. అవ్వను మోకుతో బాదేవాడు. అవ్వ ఊరుకునే మనిషా, చాట విసిరేది, చేతికందిన కల్లు లొట్టితో నెత్తి మీద వేసేది. ఒకసారి ఆయన నెత్తురు కారుతున్న తలతోనే కూర్చుని గోదాముకు తలుపు బిగించాడు, ఆమె వాచిన మోచేత్తోనే బీడీలు కట్టింది. మా ఇంట్లో దెబ్బ పడని దినం ఉండేది కాదు. ఊరు మాత్రం అంగుళం అంగుళం పెరుగుతూనే ఉండేది. ఆ ఊళ్లో వంకర గోడ ఒక్కటి లేదు.

ఎదురింట్లో రాజలింగం. కిరాణా దుకాణం. బాపుకు జోడీ, దగ్గరి స్నేహితుడు. దుకాణానికి వచ్చే సబ్బుల అట్టపెట్టెలన్నీ ఆయనే పంపించేవాడు, మా గోదాము గోడలు అవే. ఆయన చిన్న కొడుకు శీను ఎప్పుడూ మా ఇంట్లోనే పడి ఉండేవాడు, బాపు కొట్టని పిల్లవాడు ఎవరైనా ఉంటే వాడొక్కడే. బాపు నోట రైలు కథలు విని విని, వాళ్ల ఇంటి ముందు గోడ మీద బొగ్గుతో పెద్ద రైలింజను గీశాడు. చక్రాలు పైన కూడా ఉన్నాయి, కింద కూడా ఉన్నాయి. రాజలింగం వాణ్ని చావగొట్టి గోడకు సున్నం వేయబోతే బాపు పోయి చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ ఇంటి బొమ్మ కట్టినప్పుడు ఆ ఇంజను కూడా సూది మొనతో అట్లాగే గీశాడు, పైన చక్రాలతో సహా.

ఆ వానాకాలం ఆ బొమ్మ ఇంటికి గోడ మూల విడిపోయింది. బాపు కొత్త జిగురు పెట్టి దారం చుట్టి ఎండలో పెట్టాడు. అదే రోజుల్లో శీనుకు జ్వరం వచ్చింది. జ్వరం ఎక్కువై కాళ్లు చేతులు కొట్టుకోవడం మొదలైంది. జగిత్యాలకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. పక్కింటామె నిప్పు కోసం మా ఇంటికి వచ్చి, రాజలింగం ఇంటి బొమ్మకు దారాలు చుట్టి ఉండటం చూసింది. గడపకు పసుపు కుంకుమలు చూసింది. బాపు అందరి గోడల మట్టి ఎందుకు గీకుతాడో, ఇంటి చుట్టూ మోకు పట్టుకుని ఎందుకు తిరుగుతాడో వాడకంతా ఒక్కసారిగా అర్థమైపోయింది. బాణామతి అన్నారు. శీనును మట్టి చేసి వచ్చిన మరునాడు, మిట్టమధ్యాహ్నం, వాడ మగవాళ్లందరూ మా వాకిట్లోకి వచ్చారు.

బాపు పరుగెత్తలేడు. పరుగెత్తాలని కూడా ఆయనకు తోచలేదు, కొడుకు పోయిన జోడీ ఇంటికి వచ్చాడని లేచి ఎదురు వెళ్లాడు. రాజలింగం లోపలికి వచ్చి బల్ల మీంచి ఆ బొమ్మ ఇంటిని చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"గిది నా ఇల్లే గదనే?" అన్నాడు.

"నీ ఇల్లే" అన్నాడు బాపు. "పెంకు పెంకు సూసి జేసిన. ఒక్కటి తప్పు పోలే."

ఆ మాట ఆయన గర్వంతో అన్నాడు. తనకు వచ్చిన ఒకే ఒక్క విద్య గురించి అన్నాడు. వాళ్లకది ఒప్పుకోలు. తరువాత జరిగింది నేను ఎన్నిసార్లు రాయబోయి చించేశానో. బాపును ఆయన మోకుతోనే కరెంటు స్తంభానికి కట్టారు. తుంటి విరిగిన కాలును ఎవడో తన్నాడు, ఆ ఎముక మళ్లీ విరగడం నాకు వినపడింది. మంత్రం చదివే నోట్లో పళ్లు ఉండొద్దు, పళ్లు లేకపోతే మంత్రం పలకదు, చేతబడి చేసేవాళ్లకు మావైపు ఇదే శిక్ష. రాజలింగం దుకాణంలోకి పోయి తూకం రాయి తెచ్చాడు. ఇనుపది. ఇద్దరు బాపు తల వెనక్కి వంచి పట్టుకున్నారు. మొదటి దెబ్బకు ముందు పళ్లు పోయాయి. రాజలింగం ఏడుస్తూ కొట్టాడు. ఏడుస్తూనే మళ్లీ ఎత్తాడు. బాపు ఏదో చెప్పబోయిన ప్రతిసారీ మంత్రమనుకుని ఇంకా గట్టిగా కొట్టారు. అవ్వ బీడీల కత్తెర పట్టుకుని గుంపులో పడి ఒకడి చెయ్యి మోచేతి దాకా చీల్చింది. ఆమె జుట్టు పట్టుకుని నేలకేసి కొట్టారు. నేను రాజలింగం పిక్క కరిచాను. నోరంతా ఉప్పగా నెత్తురు వచ్చినా వదల్లేదు, ఎవరో నా మెడ పట్టుకుని మోరీ కాలువలోకి విసిరేసేదాకా. మోరీలోంచి చూస్తుండగానే స్టేషను, గోదాము, వాడ, అన్నీ రోడ్డు మీద కుప్ప పోసి కిరసనాయిలు చల్లారు. ఎండిన తాటి మట్ట, తునికాకు. ఎంతసేపు పడుతుంది. రాజలింగం తన ఇంటిని తన చేత్తోనే ఆ మంటలో వేశాడు.

తరువాత పోలీసు జీపు వచ్చింది. ఎవరు కొట్టారో చెప్పమన్నారు. బాపు ఎవరి పేరూ చెప్పలేదు. నోరు బాగున్నప్పుడు అందరినీ తిట్టిన మనిషి, ఆ రోజు తల మాత్రం అడ్డంగా ఊపాడు. అవ్వ పేర్లన్నీ చెబుతుంటే ఆమె చెయ్యి పట్టి లాగాడు. ఆ పట్టుకున్న తీరుకు నాకు ఆయన మీద వచ్చిన కోపం, కొట్టినవాళ్ల మీద కూడా రాలేదు.

ఊళ్లో ఉండనివ్వరని తెలిసి సిరిసిల్ల పోయాం. మేనమామ అక్కడ సాంచాలు నడిపేవాడు. బట్ట నేసే ఆ మిషన్ల చప్పుడుకు ఆ గదిలో మనిషి మాట వినపడేది కాదు, బాపు మాట అయితే చప్పుడు లేకపోయినా అర్థమయ్యేది కాదు. చెంపలు లోపలికి పోయి, పెదవులు ముడుచుకుని, ముఖం సగమైంది. ఏదన్నా అంటే గాలి వచ్చేది, మాట వచ్చేది కాదు. అవ్వ ఒక్కతే అర్థం చేసుకుని మాకు చెప్పేది. జొన్న గటక మెత్తగా కలిపి ఆమే నోట్లో పెట్టేది, చెయ్యి ఆలస్యమైతే ఆయన గిన్నె తన్నేవాడు, ఆమె తిట్టుకుంటూ తుడిచి మళ్లీ కలిపేది. కొన్నాళ్లకు మేనమామ దారం అయిపోయిన అట్ట గొట్టాలు తెచ్చి పడేశాడు. బాపు వాటిని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. తరువాత కత్తి అడిగాడు. ఆ గొట్టం మీద మొదట నీళ్ల ట్యాంకు లేచింది. ఆ తరువాత స్టేషను. ఆ తరువాత కోరుట్లలో మా వాడ, ఇంటి తరువాత ఇల్లు, తనను కట్టేసినవాళ్ల ఇళ్లు, కాలు తన్నినవాడి ఇల్లు, నిప్పు కోసం వచ్చినామె ఇల్లు, అన్నీ మనసులో ఉన్న కొలతలతో. ఎదురింటి జాగా మాత్రం ఖాళీగా వదిలేశాడు. రాజలింగం ఇల్లు కట్టలేదు. పోయేదాకా కట్టలేదు. నేనూ ఇంతకాలం ఆ జాగా ముట్టుకోలేదు.

ఇప్పుడు కోరుట్లకు రైలు వస్తోంది. స్టేషను ఊరికి దూరంగా, మైదానంలో, బాపు అనుకున్న చోట కాదు. రైలు వచ్చేనాటికి ఆయన లేడు. ఒకసారి టికెటు కొనుక్కుని ఎక్కాను, కిటికీలోంచి చూస్తే పసుపు చేలు, కోళ్లఫారాలు, కొత్త వెంచర్ల రాళ్లు కనిపించాయి గానీ మా వాడ కనిపించలేదు. ఇప్పుడు ఆ వాడలో గూన పెంకు ఒక్కటి లేదు. పిల్లలకు జ్వరం వస్తే ఇంటి పక్కనే దవాఖాన ఉంది. బాణామతి మాట ఎవరైనా ఎత్తితే నవ్వుతారని అనుకునేదాన్ని.

రాజలింగం నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు. ఉందా లేదా అన్నట్టు నా వైపు చూశాడు. నాకు ఒక్కసారిగా ఏమనాలో తెలిసింది.

"సూపెడ్త" అన్నాను. "గా నోట్ల పండ్లు తీసి ఈడ వెట్టు. అప్పుడు సూపెడ్త."

ఆయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కోప్పడతాడనుకున్నాను, లేచి వెళ్లిపోతాడనుకున్నాను. రెండు వేళ్లు నోట్లో పెట్టి పై వరస, కింది వరస తీసి, తుండుతో తుడిచి, ముందు గదిలోకి వచ్చి నా బల్ల మీద పెట్టాడు. తల ఎత్తాడు. చెంపలు లోపలికి పోయాయి, పెదవులు ముడుచుకున్నాయి, ముఖం సగమైంది. అచ్చం మా బాపు ముఖం. నాకు జాలి కలగలేదు. కలిగిందని రాస్తే అబద్ధం అవుతుంది. కానీ ఆ ముఖాన్ని వెనక గదిలోకి తీసుకుపోయాను.

గోడ పట్టుకుని బల్లల వెంట నడిచాడు. ఒక్కో ఇంటి ముందు ఆగి ఎవరిదో గుర్తుపట్టి తల ఊపాడు. మా ఇంటి దగ్గర ఆగాడు. ఎదురుగా చూశాడు. అక్కడ చెక్క తప్ప ఏమీ లేదు. ఏదో అన్నాడు. గాలి వచ్చింది. అవ్వ దగ్గర నేర్చుకున్న అలవాటుకు నాకు వెంటనే అర్థమైంది. నా ఇల్లేది బిడ్డా అంటున్నాడు.

"కట్టలే" అన్నాను. "ఎందుకు కడ్తలేవని నేనే అడిగిన. కోపంతోని ఇడిసిండనుకున్న. బాపు ఏమన్నడో ఎర్కేనా? వానికి ఇంక పిల్లలున్నరు, నా చెయ్యి వడితె గాళ్లకేమన్న అయితది, ఒద్దు, ఉన్నోళ్లన్న బతకనీ అన్నడు. నువ్వు కొట్టి కొట్టి నమ్మిచ్చినవ్. శీనును తనే సంపిన్నని నమ్మి సచ్చిండు మా బాపు. పండ్లు పోతె పోయినయ్, గిదెవ్వడు కట్టియ్యాలె?"

ఈ మాట ఆయన మొహాన కొట్టాలని ఇన్నేళ్లు దాచుకున్నాను. దెబ్బ తగిలితే మనిషి ఎట్లా కూలుతాడో చూడాలని నిలబడ్డాను. రాజలింగం కూలలేదు. కళ్లు నీళ్లతో నిండాయి. గొడుగు చంకలో పెట్టుకుని, ఆ ఖాళీ చెక్క ముందు రెండు చేతులూ జోడించాడు.

"బతికిండ్రు బిడ్డా" అన్నాడు. "అందరు బతికిండ్రు. మనుమలు అచ్చిండ్రు. మీ బాపు చెయ్యి ఆపవట్టే."

అంత భక్తిగా చేతులు జోడించడం నేను దేవుడి ముందు కూడా చూడలేదు. ఇంకా నమ్ముతున్నాడు. ఈ నిమిషం దాకా నమ్ముతున్నాడు, క్షమించిన మంత్రగాడికి మొక్కుతున్నాడు. ముందు గదిలోకి వచ్చి, బల్ల మీదున్న ఆ రెండు పళ్ల వరసలు పిడికిట పట్టుకుని, తలుపులోంచి వాకిలి దాటేలా విసిరికొట్టాను. ఒకటి రోడ్డు మీద రాతికి తగిలి చిట్లిన చప్పుడు వినపడింది.

ఆయన గోడ పట్టుకుని మెల్లగా బయటికి పోయి, నడుం వంచి, దుమ్ములో చేత్తో తడుముతూ వెతకడం మొదలుపెట్టాడు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. నేను తలుపు వేసుకోలేదు. సాయం పోలేదు. ఆయనకు దొరికేదాకా గుమ్మంలో నిలబడి చూశాను.